చావు దగ్గర ఆగిన కథ

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా తాత రోజూ పొద్దున మా యూనివర్సిటీ క్యాంపస్‌లో బెంచీ మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళకు కూడా వినపడేలా తిట్టే సీరియల్ రచయితను నేనే. ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు. నేను పక్కన కూర్చుని వింటూనే ఉన్నాను.

ఫోన్లో కథలు చదువుకునే యాప్ అది. ఎవరైనా రాయొచ్చు. మగవాడి పేరులా వినపడే కలంపేరు ఒకటి పెట్టుకుని, శనివారానికో భాగం చొప్పున ఒక యుద్ధగాథ రాస్తూ వచ్చాను. ఇంట్లో నేనంటే జియాలజీ ఎమ్మెస్సీ చదివే పిల్ల, చుట్టాలొస్తే వంటింట్లోకి జారుకునే పిల్ల, ఏదో డైరీ రాసుకుంటుంది పాపం. ఆ డైరీ పిల్ల ప్రతి శనివారం కోటగోడల మీంచి మనుషుల్ని కిందికి తోస్తోందని వాళ్ళకు తెలియదు. చెప్పాలని కూడా అనిపించలేదు. చెబితే అమ్మ ముందు అడిగేది, "అంత రక్తమెందుకే?" అని.

నా కథలో వీరుడు ముసలివాడు. ఒకప్పుడు సేనాని. ఇప్పుడు మోకాలు వంగదు, ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు, పొద్దెక్కకముందే తాగుతాడు, అవసరం లేకపోయినా అబద్ధాలాడతాడు. కూలికి కత్తి పడతాడు. ఉప్పుకోట అనే కోట తలుపులు తెరవడానికి అతన్ని ఎవరో కుదుర్చుకుంటారు. రాళ్ళు తప్ప ఏమీ లేని నేల మీద ఒక పాతికేళ్ళ అమ్మాయి అతనికి దారి చూపిస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట అతను తగలబెట్టిన ఊళ్ళో బతికి బయటపడ్డ చిన్నపిల్ల ఆమేనని అతనికి తెలియదు. చదివేవాళ్ళకు తెలుసు. ఆమె అతనికి రోజూ రొట్టె కాల్చి పెడుతుంది. రోజూ తన కత్తి నూరుకుంటుంది. రాయడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

తాత మా అమ్మకు నాన్న. బస్సు డ్రైవర్‌గా రిటైరై, అమ్మమ్మ పోయాక తార్నాకలో మా ఇంటికి వచ్చేశాడు. చక్కెర రోగంతో చూపు మందగించింది. "భక్తి కథలు వినుకుంట కూసుంట" అంటే నేనే ఆయన ఫోన్లో ఆ యాప్ వేసిచ్చాను. అది కథను పైకి చదివి వినిపిస్తుంది. వేసి ఊరుకోవచ్చు కదా. వేరే ఫోన్లో నా సీరియల్ ఎలా కనపడుతుందో చూద్దామని ఒకసారి తెరిచాను. అంతే, మర్నాటి నుంచి యాప్ ఆయనకు అదే పట్టుకొచ్చి చూపించడం మొదలుపెట్టింది. భక్తి కథలు అటే పోయాయి.

పొద్దున్నే వాకింగ్ అని తాత క్యాంపస్‌కి వస్తాడు. నడిచేది గేటు నుంచి ఆ బెంచీ దాకానే. క్లాసుకు ముందు ఆయన్ని తీసుకురావడం, ఆ తర్వాత ఆటో ఎక్కించడం నా పని. మేము వెళ్ళేసరికి అక్కడ గుంటూరు సారు ఉంటారు. అది పేరు కాదు, తాత పెట్టుకున్న గుర్తు. ఆయన గుంటూరు నుంచి వచ్చి ఎప్పుడో నల్లకుంటలో స్థిరపడ్డ రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఇద్దరికీ ఏ విషయంలోనూ పడదు. పడదు కాబట్టే రోజూ కలుస్తారు.

ఫోన్ ఇద్దరి మధ్య పెడతారు. అది ఒక ఆడగొంతుతో, కరెంటు బిల్లు చదివినట్టు, నా యుద్ధాలన్నీ చదువుతుంది. ఒక తల తెగిపడ్డా, ఒక గాడిద నీళ్ళు తాగినా దానికి ఒకటే స్వరం. ప్రతి వాక్యానికీ తాత "ఊ" కొడతాడు. ఫోన్‌కి ఊ కొట్టనక్కర్లేదని చెప్పి చూశాను.

"నీకేం తెల్సు? మనం ఊ అంటెనే దానిక్కూడ హుషారు" అన్నాడు.

తర్వాత విమర్శ మొదలవుతుంది.

"వయసు మళ్ళినవాడు యుద్ధానికెందుకండీ, పింఛను పుచ్చుకుని కూర్చోక?" అంటారు సారు.

"వానికి పింఛనెవడిస్తడు సార్? గవర్నమెంటు నౌకరా?"

"పోనీ ఆ అమ్మాయిని క్షమించమని అడగొచ్చు కదా."

"వానికే యాది లేకపాయె, ఏమని అడుగుతడు? ఏదో జవానీల జేసిండు. అప్పుడు అందరు జేసిన్రు."

"అందరూ ఊళ్ళు తగలబెట్టారా అండీ?"

"కథల, సార్. కథల అంటున్న."

నా వీరుడు ఎక్కి తిరిగే కంచరగాడిద మీద కూడా తాతకు కోపం. "యుద్ధానికి గాడిద మీద పోతడా ఎవడన్న? ఒక గుర్రం ఇయ్యనీకి వీనికేం రోగం? పిసినారోడు రాస్తున్నట్టున్నడు." పిసినారిదాన్ని పక్కనే కూర్చుని చేతిగోళ్ళు చూసుకునేదాన్ని. నా వీరుడు అబద్ధమాడే ముందు గడ్డం గోక్కుంటాడు. ఆ అలవాటు ఎవరిదో మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. తాత ఒక్కడే గుర్తుపట్టలేదు. పైగా, "మొగోడంటే గిట్లుండాలె" అని గడ్డం గోక్కున్నాడు.

ఇంతకన్నా పెద్ద శిక్ష ఇంకొకటుంది. కథ కింద పాఠకులు అభిప్రాయాలు రాయొచ్చు. తాతకు టైప్ చేయడం రాదు. కాబట్టి ఆయన చెబుతాడు, నేను కొడతాను. నన్ను నేను తిట్టుకుంటూ, నా చేత్తో, నాకే పంపుకుంటాను. ఒకసారి కాస్త మెత్తగా మార్చి కొట్టాను. తాత ఊరుకోకుండా ఫోన్ చేత దాన్ని చదివించుకున్నాడు.

"నేను 'నీకు బుద్ధున్నదా' అన్న. నువ్వు 'కొంచెం ఆలోచించండి' అని కొట్టినవ్. ఎవని తరఫున్నవే నువ్వు?"

చెరిపేసి, ఆయన అన్నది అన్నట్టే కొట్టి పంపాను.

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ శనివారం భాగంలో వీరుడు ఉప్పుకోట వాకిలి దగ్గర కాపలావాళ్ళందర్నీ చంపి, తలుపు తెరిచి, అలసిపోయి ఒక రాతి మీద కూర్చుంటాడు. అమ్మాయి వెనక నుంచి వచ్చి అతని పక్కటెముకల సందున కత్తి దించి, చెవి దగ్గర నోరు పెట్టి అడుగుతుంది: "నువ్వు తగలబెట్టిన మా ఊరి పేరు చెప్పు." అక్కడ ఆపాను. కింద "పరీక్షలు అయ్యాక చివరి భాగం" అని రాశాను. చివరి భాగంలో అతనికి ఆ పేరు గుర్తు రాదు. గుర్తు రాకుండానే చచ్చిపోతాడు. కథ అక్కడితో సమాప్తం. మొదటిరోజు నుంచి ఈ చావు కోసమే ఇదంతా రాశాను. నాకు వచ్చిన ఒకే ఒక మంచి ఆలోచన అదని నా గట్టి నమ్మకం.

సోమవారం అమ్మ తాత సాక్సు విప్పింది. ఎండాకాలంలో ఆయన సాక్సు వేసుకుని తిరుగుతుంటే మేమెవరం అడగలేదు; చన్నీళ్ళు పడట్లేదు, కాళ్ళు చల్లబడుతున్నాయి అంటే నమ్మాం. కుడికాలి చిటికెన వేలు నల్లగా అయిపోయి ఉంది. వాసన వస్తోంది. అమ్మ అరిచిన అరుపుకు పై అంతస్తు వాళ్ళు దిగొచ్చారు.

"ఎన్నొద్దులాయె బాపూ ఇది?"

"నిన్ననే" అన్నాడు తాత గడ్డం గోక్కుంటూ.

డాక్టరు చుట్టూ తిప్పకుండా చెప్పాడు. ఈ వారంలోనే వేలు తీసేస్తే పాదం దక్కుతుంది. ఆలస్యమైతే పాదం తీయాల్సి వస్తుంది, ఆ పైన ఎక్కడిదాకా అనేది తను ఇప్పుడు చెప్పలేడు. బుధవారం వచ్చి చేరమన్నాడు. తాత బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చే దార్లో తార్నాక చౌరస్తాలో ఆటో ఆపించి, "ఒక చాయ్ తాగి పోదాం, మల్ల ఎప్పుడో" అన్నాడు. చక్కెర లేకుండా చెప్పాం. కప్పు ముందు పెట్టుకుని ముట్టుకోలేదు.

బుధవారం పొద్దున అమ్మ సంచి సర్దింది. తాత కుర్చీలోంచి లేవలేదు.

"కథ ఎక్కడ ఆగిందో ఎర్కేనా నీకు?" అని అమ్మనడిగాడు.

"ఏం కథ?"

"వాని పక్కల కత్తి దిగిన కాడ ఆపి పోయిండు, దొంగగాడు. కథ పీనుగ మీద ఆపొద్దు. ఆపితే ఇన్నోనింట్ల పీనుగ లేస్తది. ఈడ నేను కత్తి కిందికి పోవాలె, ఆడ వాడు కత్తి కింద పడున్నడు. కథ పూర్తి కానీ. అప్పుడు పోదాం."

అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు మాత్రం అంతా అర్థమైంది.

తాత చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒగ్గు కథ చెప్పేవాళ్ళు తెల్లవార్లూ చెప్పేవాళ్ళట. కథలో ఎవరైనా చనిపోతే ఆ చోట ఎన్నడూ ఆపేవాళ్ళు కాదట. డోలు కొట్టేవాడి చేతులు పడిపోతున్నా సరే, ఒక పెళ్ళో, పుట్టుకో, ఏదో ఒక శుభం దాకా కథను లాక్కుపోయి, హారతి ఇచ్చి, అప్పుడే డోలు దించాలి. మధ్యలో లేచిపోయేవాళ్ళను ఆయన తల్లి చెయ్యి పట్టి కూర్చోబెట్టేదట. ఇదంతా తాత ఎప్పుడో చెప్పాడు. నేను విన్నాను కూడా. విని, శనివారానికి శనివారం మనుషుల్ని కత్తి మొన మీద వదిలేసి వస్తూనే ఉన్నాను. ఇంతకు ముందు ఆయన తిట్టి ఊరుకునేవాడు. ఇప్పుడు కత్తి తన కాలి దాకా వచ్చింది.

"తాతా, అది ఎవరో రాసిన కథ. ఆయనకు పరీక్షలున్నాయని రాసిండు కద."

"మనిషి సస్తుంటే పరీక్షలేంది?"

గుంటూరు సారు చెబితే వింటాడేమోనని ఫోన్ చేశాను. అదే నా ఆఖరి ఆశ. స్పీకర్ పెట్టాను. ఏ విషయంలోనూ తాతతో ఏకీభవించని ఆ మనిషి మొత్తం విని, గొంతు సవరించుకుని, "అది నిజమేనమ్మా. మా వైపు పారాయణం చేసేవాళ్ళు కూడా కష్టం ఉన్నచోట ఆపరు. శుభం వచ్చేదాకా చదివి అప్పుడు పుస్తకం మూస్తారు" అన్నారు. తాత నా వైపు విజయగర్వంతో చూశాడు. ఇన్నాళ్ళూ గాడిద దగ్గర్నుంచి పింఛను దాకా కొట్టుకున్న ఇద్దరికీ సఖ్యత కుదరడానికి ఇదే దొరికింది.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీకు ఫోన్ల సంగతి తెల్సు గద బిడ్డా. ఆ రాసేటాయనకు ఒక మెసేజ్ పెట్టు. ఇంట్ల పెద్దమనిషికి ఇట్లున్నది, జర దయజూడుమని రాయి. ఆయనక్కూడ తల్లో తండ్రో ఉంటరు గద."

తాత ఫోన్ తీసుకుని రాశాను. పంపాను. నా జేబులో నా ఫోన్ మోగింది.

చెప్పేస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది కదా అనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. తాత ఇక కథ వినడు, నా పక్కన కూర్చుని రాయిస్తాడు. ముసలివాడు బతుకుతాడు, మోకాలు వంగుతుంది, గుర్రం వస్తుంది. అమ్మ రక్తం కడిగిస్తుంది. "ఆయన చూస్తాడులే" అని మాత్రం అమ్మతో అని, బ్యాగు తీసుకుని క్యాంపస్‌కి వెళ్ళిపోయాను.

డిపార్ట్‌మెంట్ వెనక పెద్ద రాతిగుండ్ల నీడలో కూర్చున్నాను. మర్నాడు పెట్రాలజీ, అంటే రాళ్ళ శాస్త్రం, పరీక్ష. పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఫోన్ పెట్టి రాశాను. మొదట అతన్ని బతికించాను. కొండ మీంచి ఒక వైద్యురాలు మూలికలతో దిగింది. చదువుకుంటే ఆ మూలికల వాసన నాకే వెగటు పుట్టింది. చెరిపేశాను. ఎవరి వేలు కోసమైనా సరే, ఈ మనిషిని నేను బతికించను అనుకున్నాను. మళ్ళీ వెంటనే తాత వేలు కళ్ళ ముందుకొచ్చింది. నాకు తాత మీద, యాప్ మీద, వాళ్ళ ఊరి డోలు మీద, ఊరికే చావుల మీద మోజుపడ్డ నా మీద ఎంత చిరాకేసిందంటే, గుండును కాలితో తన్నాను. గుండుకేం కాలేదు.

ఆ తర్వాత ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. చంపొద్దని తాత అనలేదు. చావు దగ్గర ఆపొద్దన్నాడు.

చావు తర్వాత ఏముంటుందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అక్కడ ఆపితే గొప్పగా ఉంటుందని మాత్రమే అనుకున్నాను. ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలో ఒక శవం ఉంది, ఎండ ఉంది, దాహంతో ఒక గాడిద ఉంది. పాతిపెడదామంటే ఉప్పుకోట చుట్టూ ఉన్నది గట్టి రాయి, ఆ నేలను నేనే సృష్టించాను, గుంట తవ్వడం కుదరదు. కాబట్టి ఆమె రాళ్ళు మోసి అతని మీద పేర్చింది. మధ్యలో తిట్టింది. మధ్యలో ఏడ్చింది, ఎందుకో ఆమెకు తెలియలేదు, నాకూ తెలియలేదు. తెరిచిన తలుపుల్లోంచి కోటలో దాక్కున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చి రాళ్ళు అందించారు. బావి దగ్గర పొయ్యి వెలిగింది. వాళ్ళలో ఒకామెకు ఆ పొద్దే కాన్పు అయింది. బిడ్డకు పేరు పెట్టమని, తలుపు తెరిపించినదానివి నువ్వే కదా అని అమ్మాయినడిగారు. అతను గుర్తు తెచ్చుకోలేకపోయిన ఊరి పేరే ఆమె బిడ్డ చెవిలో చెప్పింది. హారతి ఇచ్చారు. సమాప్తం అని కొట్టి, మళ్ళీ చదవకుండా పంపేశాను. పెట్రాలజీ ఏమీ చదవలేదు.

గురువారం పరీక్ష మధ్యాహ్నం. పొద్దున తాత బెంచీ దగ్గరికే పోదామన్నాడు. సారు లేకుండా కథ ముగింపు వినడట. కుంటుకుంటూ వచ్చాడు. ఫోన్ మధ్యలో పెట్టారు. అమ్మ కూడా ఆసుపత్రి సంచి పట్టుకుని చెట్టు కింద నిలబడింది.

కరెంటు బిల్లు గొంతు మొదలుపెట్టింది. తాత ఊ కొట్టాడు. అమ్మాయి ఊరి పేరు అడిగింది. ఊ. ముసలివాడు ఒక పేరు చెప్పాడు, అది కాదు. ఇంకో పేరు చెప్పాడు, అదీ కాదు. ఊ. తగలబెట్టినవి చాలా ఉన్నాయమ్మా అన్నాడు. తాత ఊ అనలేదు. ముసలివాడు చనిపోయాడు. ఫోన్ ఆగకుండా చదువుకుపోతోంది. రాళ్ళు మోయడం మొదలైంది. సారు కండువాతో ముక్కు తుడుచుకున్నారు. చాలాసేపటికి, ఆడవాళ్ళు రాళ్ళు అందించే చోట, తాత మెల్లగా "ఊ" అన్నాడు. పొయ్యి. ఊ. బిడ్డ. ఊ. హారతి.

"సంపిండు" అన్నాడు తాత. "సంపనే సంపిండు."

"శుభం పలికాడు కదండీ" అన్నారు సారు.

"పలికిండు. కానీ ఒక పేరు యాదికి రాకపోవుడేంది సార్? పాపం ముసలోడు." గడ్డం మీదికి చెయ్యి పోయింది. "అయితే గురువారం గురువారమే. కోతలు గీతలు గురువారం మంచిగుండయి. శుక్రవారమో, శనివారమో..."

నాకు నోట్లోంచి మాట రావడమే కష్టం. క్లాసులో నా నంబరు పిలిస్తే చెయ్యెత్తుతాను తప్ప పలకను. ఆ పొద్దున, వాకింగ్ చేసేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాను.

"తాతా! కథ అయిపోయింది! హారతి అయింది, పిల్లకు పేరు పెట్టిన్రు! ఇంకేం కావాలె నీకు? గుర్రం కావాలా? లే! లే అంటున్న!"

సారు బెంచీ చివరికి జరిగారు. అమ్మ నోరు తెరిచి చూస్తోంది. తాత నన్ను కింది నుంచి పైదాకా, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, బరువంతా నా మీద మోపి, లేచాడు.

ఆసుపత్రిలో మిగతావన్నీ, నా పరీక్ష టైముకు ముందే, చకచకా జరిగాయి. అమ్మ సంతకాలు పెట్టింది. తాతను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆకుపచ్చ గౌను తొడిగారు. అందులో ఆయన చిన్నగా, ఒప్పుకోనట్టుగా కనపడ్డాడు. ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు చెప్పులు విప్పి లోపలికి రమ్మంది. ఆయన ఎడమది తనే విప్పాడు. కట్టు ఉన్న కుడికాలిది నేను వంగి తీశాను. రెండూ నా చేతికొచ్చాయి, తోలు అరిగి, మడమ దగ్గర ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను. చక్రాల కుర్చీ లోపలికి తిరుగుతుంటే తాత మెడ తిప్పి చూశాడు.

"ఆడీడ పారెయ్యకు బిడ్డా. నాకు రెండు గావాలె."